గాయం మాన్పే వకాల్తా

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున వెలసిన సెయింట్ పాల్, మినియాపొలిస్ జంట నగరాలకు న్యాయవాద వృత్తి చరిత్రలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. గెలుపోటముల పోరుగా స్థిరపడిపోయిన ఈ వృత్తిని, తగాదాలో చిక్కుకున్న మనుషుల గాయాన్ని మాన్పే వృత్తిగా మలచుకోవచ్చునన్న ఆలోచనకు సంబంధించిన మూడు ముఖ్య ఘట్టాలు 1906లోను, 1976లోను, 1990లోను ఆ రెండు ఊళ్లలోనే జరిగాయి. మొదటి రెండింటిలో పాల్గొన్నవారు పేరుమోసిన ఆచార్యులు, న్యాయమూర్తులు కాగా, మూడోదానికి కారకుడు విడాకుల కేసులు చూసుకునే ఒక మామూలు వకీలు. అయినా వకీలు పనిచేసే తీరును నిజంగా మార్చింది ఆ మూడో ఘట్టమే. సద్భావం ఎంత ఉన్నా చాలని చోట, దానిని నిలబెట్టే నియమం ఎప్పుడు, ఎలా తోడైందో గమనిస్తే ఈ తేడాకు కారణం తెలుస్తుంది.

1906 ఆగస్టు 29న సెయింట్ పాల్‌లో జరిగిన అమెరికన్ బార్ అసోసియేషన్ వార్షిక సభలో, నెబ్రాస్కా నుంచి వచ్చిన రాస్కో పౌండ్ అనే ముప్పై అయిదేళ్ల ఆచార్యుడు, న్యాయపాలన పట్ల ప్రజలలో అసంతృప్తి ఎందుకు పేరుకుపోయిందో వివరిస్తూ ప్రసంగించారు. ఇంగ్లండులో పుట్టి అమెరికాకూ, కంపెనీ పాలనతో భారతదేశానికీ వ్యాపించిన ప్రత్యర్థి విధానంలో, అంటే ఇరుపక్షాల వకీళ్లు ఎదురెదురుగా నిలిచి వాదించుకుంటుంటే న్యాయమూర్తి తటస్థంగా విని తీర్పు చెప్పే విధానంలో, వ్యాజ్యం ఒక క్రీడగా దిగజారిందన్నది ఆయన ప్రధాన అభియోగం. న్యాయమూర్తి ఆట నియమాలు చూసే అంపైరుగా మిగిలిపోతున్నాడనీ, నిజం తేల్చడం కంటే ఎదుటి పక్షం పొరపాటును పట్టుకోవడమే వకీలు నేర్పుగా చెలామణీ అవుతున్నదనీ ఆయన అన్న మాటలు ఆ సభలోని చాలామంది పెద్దలకు రుచించలేదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడన్న సామెత వాడుకలో ఉన్న తెలుగునాట మాత్రం ఆ అభియోగం కొత్తగా తోచదు. అయితే పౌండ్ సూచించిన మార్పులు కోర్టుల నిర్మాణానికీ, విచారణ పద్ధతులకూ సంబంధించినవి. కక్షిదారు పక్కన కూర్చునే వకీలు తన పనితీరును ఎలా మార్చుకోవాలన్న ప్రశ్న జోలికి ఆయన పెద్దగా పోలేదు.

ఆ ప్రశ్నను అంతకుముందే వేసుకున్నవారు లేకపోలేదు. ఇలినాయ్ రాష్ట్రంలో ప్లీడరుగా పనిచేసిన ఏబ్రహాం లింకన్, 1850 ప్రాంతంలో వృత్తి గురించిన ఉపన్యాసం కోసం రాసుకున్న నోట్సులో, వ్యాజ్యాలను ప్రోత్సహించవద్దనీ, ఇరుగుపొరుగును రాజీకి ఒప్పించాలనీ, అలా చేసినా వకీలుకు పని కరువు ఉండదనీ హితవు చెప్పారు. ఇంకా స్పష్టమైన ఉదాహరణ గాంధీ జీవితంలో ఉంది. 1893లో ఆయన ఏడాది ఒప్పందంపై, 105 పౌండ్ల ప్రతిఫలానికి దక్షిణాఫ్రికా వెళ్లింది దాదా అబ్దుల్లా అనే వర్తకుడి వ్యాజ్యంలో సాయపడడానికి. ప్రిటోరియాలో ఉన్న తయ్యబ్ సేఠ్ నుంచి 40,000 పౌండ్లు రావాలన్నది ఆ దావా. లావాదేవీలు చిక్కుపడి ఉన్నందువల్ల గాంధీ జమాఖర్చుల పద్ధతిని పుస్తకం కొని మరీ నేర్చుకున్నారు. తమ పక్షం చట్టరీత్యా బలంగానే ఉందని తేల్చుకున్నారు. అయితే బంధువులూ ఒకే ఊరివాళ్లూ అయిన ఆ ఇద్దరూ ఏళ్లతరబడి కొట్లాడితే ఆస్తులు ఫీజులకే కరిగిపోతాయని గ్రహించి, ఇద్దరినీ ఒక మధ్యవర్తి తీర్పుకు ఒప్పించారు. మధ్యవర్తి 37,000 పౌండ్లు, ఖర్చులు చెల్లించాలని తీర్పు ఇచ్చాడు. ఆ మొత్తం ఒక్కసారిగా కట్టాలంటే తయ్యబ్ సేఠ్ దివాలా తీయక తప్పదు. అక్కడి పోర్‌బందర్ మేమన్ వర్తకులకు దివాలా కంటే చావు నయమన్న పట్టింపు ఉండేది. అందుచేత గాంధీ, సొమ్మును దీర్ఘకాలపు కిస్తులలో తీసుకునేటట్టు దాదా అబ్దుల్లాను ఒప్పించారు. మధ్యవర్తి దగ్గరకు తీసుకురావడం కంటే ఈ కిస్తులకు ఒప్పించడమే కష్టమైందని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు.

ఆ కిస్తుల ఒప్పందాన్ని ప్రత్యేకంగా గమనించాలి. బాకీ రుజువైన క్షణాన వకీలు బాధ్యత తీరిపోతుందని వృత్తి అనుకుంటుంది. తీర్పు మరునాడు ఆ ఇద్దరు మనుషులూ ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుంటారన్నది కూడా వకీలు పట్టించుకోవలసిన విషయమేనని గాంధీ అనుకున్నారు. ఆ తరువాతి ఇరవై ఏళ్ల వృత్తి జీవితంలో ఎక్కువ కాలం వందలాది కేసులలో రాజీలు కుదర్చడానికే గడిచిందని కూడా ఆయన చెప్పుకున్నారు. కానీ లింకన్‌దైనా, గాంధీదైనా అది వ్యక్తి శీలం నుంచి వచ్చిన పద్ధతి. వారు వృత్తి వదలగానే ఆ పద్ధతీ వారి వెంటే వెళ్లిపోయింది; పక్క గదిలోని వకీలును దానికి కట్టుబడేటట్టు చేసే నియమమేదీ మిగలలేదు.

పౌండ్ ప్రసంగానికి డెబ్బై ఏళ్లు నిండనున్న 1976 ఏప్రిల్‌లో, అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ చొరవతో, అదే సెయింట్ పాల్‌లో పెద్ద సదస్సు జరిగింది. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాంక్ సాండర్ అక్కడ ప్రతిపాదించిన ఆలోచన తరువాత బహుద్వార న్యాయస్థానం అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. కోర్టు గడప తొక్కిన ప్రతి తగాదానూ విచారణకే పంపకుండా, దాని స్వభావాన్ని బట్టి కొన్నిటిని మధ్యవర్తిత్వానికి, కొన్నిటిని ఆర్బిట్రేషన్‌కు, కొన్నిటిని మాత్రమే న్యాయమూర్తి ముందుకు పంపాలన్నది దాని సారాంశం. మధ్యవర్తిత్వంలో తటస్థుడు ఇరుపక్షాలనూ ఒక అంగీకారానికి తెస్తాడు. ఆర్బిట్రేషన్‌లో ఆ తటస్థుడే తీర్పు చెప్తాడు. ఈ సదస్సు తరువాత అమెరికా కోర్టులలో మధ్యవర్తిత్వం వేగంగా పాదుకుంది. 1982లో బార్ అసోసియేషన్ సభలో మాట్లాడుతూ బర్గర్, మనుషుల మధ్య సంఘర్షణను మాన్పేవారిగా ఉండడమే న్యాయవాదుల బాధ్యతగా లోకం ఏనాటినుంచో భావిస్తూ వచ్చిందని గుర్తుచేశారు. దేశపు అత్యున్నత న్యాయపీఠం నుంచి వచ్చిన మాట కాబట్టి దానికి మంచి ప్రచారం దొరికింది. అయినా మధ్యవర్తి అన్న కొత్త మనిషి రంగంలోకి వచ్చాడే గాని, అతని ముందు కూర్చున్న ఇద్దరు వకీళ్లూ పాతవాళ్లుగానే ఉండిపోయారు; రాజీ పొసగకపోతే రేపు కోర్టులో ఏ ప్రశ్న వేయాలో వాళ్లు మధ్యవర్తి ముందు కూర్చునే ఆలోచించుకునేవారు.

ఆ లోపం అన్నిటికంటే బాహాటంగా కనిపించింది విడాకుల కేసులలో. 1970 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో అమలైన చట్టం, భార్యాభర్తలలో ఒకరి తప్పును రుజువు చేయకుండానే విడాకులు పొందే వీలు కల్పించింది. వ్యభిచారం, క్రూరత్వం వంటి నిందలను సాక్ష్యాలతో నిలబెట్టాల్సిన అగత్యం తప్పితే విడిపోవడం సౌమ్యంగా సాగుతుందని చట్టకర్తలు ఆశించారు. మిగతా రాష్ట్రాలు ఒకటొకటిగా ఆ దారి పట్టినా, ఆశ మాత్రం పూర్తిగా నెరవేరలేదు. తప్పు గురించిన పోరు ఆస్తి పంపకం మీదికీ, మనోవర్తి మీదికీ, అన్నిటికంటే దారుణంగా పిల్లల సంరక్షణ మీదికీ మళ్లింది. తల్లి మంచిది కాదని తండ్రి, తండ్రి మంచివాడు కాదని తల్లి అఫిడవిట్లు దాఖలు చేయడం, ఆ అఫిడవిట్లను ఇద్దరు వకీళ్లు మరింత పదునుపెట్టడం మామూలైపోయింది. ఈ పని చేసేవారి మనసు కూడా చెక్కుచెదరకుండా ఉండలేదు. 1990లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 104 వృత్తులను పోల్చి చూసినప్పుడు, తీవ్రమైన మానసిక కుంగుబాటు ఎక్కువగా ఉన్న వృత్తి న్యాయవాదులదేనని తేలింది; ఉద్యోగస్తుల సగటు కంటే అది మూడున్నర రెట్లకు పైగా ఉంది.

అదే సంవత్సరం జనవరిలో మినియాపొలిస్‌లో స్టువర్ట్ వెబ్ అనే విడాకుల వకీలు, ఇకమీదట తాను కోర్టులో వాదించే కేసులు తీసుకోనని ప్రకటించారు. చాలా ఏళ్ల అనుభవం తరువాత వృత్తినే వదిలేయాలన్న ఆలోచన దాకా వచ్చిన మనిషి ఆయన. వదిలేయకుండా ఏమైనా చేయగలనా అని వెతుకుతూ, అంతకుముందు ఆయన స్నేహితుడైన మరో వకీలుతో కలిసి ఒక కేసును కేవలం చర్చల ద్వారా తీర్చే ప్రయత్నం చేశారు. భార్యాభర్తలు, వకీళ్లు నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. కొంతదూరం సాఫీగా సాగి, ఒక విషయం మీద బెడిసి, కేసు కోర్టుకెక్కింది. అక్కడికి చేరగానే నిన్నటిదాకా సహకరించుకున్న ఇద్దరు వకీళ్లూ తమకు తెలిసిన పాత పోరాటంలోకే దిగారు. ఆ వైఫల్యం నుంచి వెబ్ తీసిన పాఠం సద్భావానికి సంబంధించినది కాదు, ఏర్పాటుకు సంబంధించినది. కేసు కోర్టుకెక్కితే ఏమవుతుందన్నది ముందే తేల్చి రాసుకోనందువల్లే ఆ ప్రయత్నం చెడిందని ఆయనకు అర్థమైంది.

1990 ఫిబ్రవరిలో మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి శాండీ కీత్‌కు రాసిన లేఖలో ఆయన తన కొత్త పద్ధతిని వివరించారు. దానికి కొలాబరేటివ్ లా, అంటే సహకార న్యాయవాదం అని పేరు పెట్టారు. అందులో నలుగురూ, అంటే ఇద్దరు కక్షిదారులూ ఇద్దరు వకీళ్లూ, మొదటి సమావేశంలోనే ఒక ఒప్పందంపై సంతకం చేస్తారు. ఆదాయం, అప్పులు, ఆస్తులు ఏవీ దాచకుండా అడగక ముందే బయటపెట్టాలి. ఇంటి విలువ కట్టడానికీ, లెక్కలు చూడడానికీ ఇద్దరికీ కలిపి ఒకే నిపుణుణ్ణి పెట్టుకోవాలి. చర్చలు సాగుతున్నంతకాలం ఎవరూ కోర్టుకు వెళ్లకూడదు. వీటికంటే ముఖ్యమైనది చివరి షరతు: ఏ పక్షమైనా చర్చలు విరమించి కోర్టుకెళ్తే ఇద్దరు వకీళ్లూ ఆ కేసునుంచి తప్పుకోవాలి, కక్షిదారులు కొత్త వకీళ్లకు వకాల్తా ఇచ్చుకోవాలి. కోర్టుకెళ్లే హక్కు కక్షిదారుకు ఎప్పటిలాగే ఉంటుంది; అతని వెంట వెళ్లే హక్కును వకీలే వదులుకుంటాడు.

ఈ ఒక్క షరతు బల్ల చుట్టూ కూర్చున్నవారి లెక్కలన్నిటినీ మార్చివేసింది. మామూలు పద్ధతిలో రాజీ చెడితే విచారణ మొదలవుతుంది, విచారణతో పాటు వకీలు ఫీజూ పెరుగుతుంది. ఇక్కడ రాజీ చెడితే వకీలుకు ఆ కేసే పోతుంది. మామూలు పద్ధతిలో భర్త జీతం, పింఛను ఖాతా, బ్యాంకు నిల్వ వంటి వివరాలు రాబట్టడానికి ప్రశ్నావళులు, సమన్లు, కోర్టు ఉత్తర్వులు అంటూ నెలలు గడుస్తాయి. ఇక్కడ ఆ కాగితాలు రెండో మూడో సమావేశానికే బల్ల మీదికి వస్తాయి, ఎందుకంటే వాటిని చూసిన వకీలు రేపు అదే మనిషిని బోనులో నిలబెట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చేయలేడు. ఆ భరోసా ఉన్నచోట భర్త తాను ఉద్యోగం పోగొట్టుకునే స్థితిలో ఉన్నానని చెప్పగలుగుతాడు. భార్య ఇల్లు తన పేర పెట్టమని ఎందుకు పట్టుబడుతున్నదో, ఆ పట్టుదల వెనుక పిల్లల బడి మారిపోతుందన్న భయం ఎంత ఉందో బయటికి వస్తుంది. ఇల్లు ఎవరికన్న తగాదా బడి దగ్గర అద్దెకుండే స్తోమత ఎలా సమకూర్చుకోవాలన్న సమస్యగా మారితే దానికి మూడు నాలుగు పరిష్కారాలు దొరుకుతాయి. న్యాయవాదంలో మాన్పడం అంటే ఆచరణలో ఇదే; ఎవరినీ క్షమించమని బోధించకుండా, మనిషి భయాన్ని సాక్ష్యంగా వాడుకోలేని చోటును కల్పించడం.

వెబ్ పద్ధతి ముందు మిన్నెసోటాలోనూ, కొద్ది కాలంలోనే కాలిఫోర్నియాలోనూ నాటుకుంది. అక్కడ పెగ్గీ థాంప్సన్ అనే మనస్తత్వ నిపుణురాలు, విడాకుల కుటుంబానికి వకీళ్లు మాత్రమే చాలరన్న ఎరుకతో, మానసిక సలహాదారులను, పిల్లల మనసు తెలిసిన నిపుణుణ్ణి, రెండు కాపురాల ఖర్చును లెక్కగట్టే ఆర్థిక సలహాదారును ఒకే బృందంగా చేర్చే పద్ధతిని రూపొందించారు. ఆ రాష్ట్రానికే చెందిన వకీలు పాలీన్ టెస్లర్ 2001లో రాసిన గ్రంథాన్ని అమెరికన్ బార్ అసోసియేషనే ప్రచురించింది. టెక్సాస్ అదే ఏడాది ఈ పద్ధతిని గుర్తిస్తూ దేశంలో మొదటి చట్టం చేసింది.

దాదాపు అదే కాలంలో ఇంకా విశాలమైన ఉద్యమం ఒకటి నడిచింది. అరిజోనా విశ్వవిద్యాలయంలో డేవిడ్ వెక్స్‌లర్, మయామీలో బ్రూస్ వినిక్ అనే ఆచార్యులు 1987 నుంచి థెరప్యూటిక్ జురిస్‌ప్రుడెన్స్ పేరుతో ఒక ఆలోచనాధారను పెంచారు. చట్టమూ, న్యాయమూర్తీ, వకీలూ మనిషి మనసుపై మందులాగానో విషంలాగానో పనిచేస్తూనే ఉంటారు గనుక ఆ ప్రభావాన్ని శాస్త్రీయంగా పరిశీలించి, హక్కులకు భంగం లేకుండా మేలు పెంచాలన్నది వారి వాదం. మానసిక రోగుల నిర్బంధానికి సంబంధించిన చట్టాలతో మొదలైన ఈ పరిశీలన క్రమంగా మాదకద్రవ్యాల కోర్టులకు, కుటుంబ కోర్టులకు విస్తరించింది. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ అనే చిన్న ఊళ్లో విలియం వాన్ జైవర్డెన్ అనే వకీలు 1990 దశకం తొలినాళ్లలో హోలిస్టిక్ న్యాయవాదుల అంతర్జాతీయ కూటమిని స్థాపించారు. కక్షిదారును ఒక కేసు నంబరుగా చూడకుండా శరీరం, మనసు, కుటుంబం, నమ్మకాలు అన్నీ ఉన్న పూర్తి మనిషిగా చూడాలన్నదే హోలిస్టిక్, అంటే సమగ్ర దృష్టి అని ఆయన బృందం చెప్పేది. 1999లో బార్ అసోసియేషన్ పత్రిక సంపాదకులలో ఒకరైన స్టీవెన్ కీవా ఇలాంటి వకీళ్ల గురించి రాసిన పుస్తకం వృత్తిలో విసిగిపోయిన వేలమందికి ఊరటనిచ్చింది. ఈ కూటమి వృత్తికి మంచి మాటలు ఇచ్చింది, ఒంటరితనంతో కుమిలిపోతున్న వకీళ్లను ఒకచోట చేర్చింది. అది చిన్న సేవ కాదు. కానీ వెబ్ షరతులాంటి పట్టుకొమ్మ ఏదీ అది ఇవ్వలేకపోయింది. సమగ్రంగా చూస్తానని చెప్పిన వకీలు చూడకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

సహకార న్యాయవాదానికి వచ్చిన విమర్శలు కూడా గట్టివే. 2007 ఫిబ్రవరిలో కొలరాడో బార్ నైతిక నియమాల కమిటీ, ఎదుటి కక్షిదారుతో కలిసి ఒప్పందం రాసుకున్న వకీలు తన కక్షిదారుకు పూర్తి విధేయుడుగా ఎలా ఉంటాడని ప్రశ్నించి, ఆ షరతు వృత్తి ధర్మానికి విరుద్ధమని తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికన్ బార్ అసోసియేషన్ ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. కక్షిదారుకు అన్నీ విడమరిచి చెప్పి, అతని అంగీకారం తీసుకుని, వకీలు తన సేవను చర్చల వరకే పరిమితం చేసుకోవడంలో తప్పులేదని చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు కెనడా ప్రభుత్వ న్యాయశాఖ ప్రచురించిన అధ్యయనంలో ఆచార్య జూలీ మాక్‌ఫార్లేన్ మరింత సున్నితమైన లోపాన్ని ఎత్తిచూపారు. వకీళ్లు మనుషులను మార్చడం, గాయాలు మాన్పడం వంటి గొప్ప ఆశయాలతో ఉంటే, కక్షిదారులు మాత్రం తక్కువ ఖర్చుతో, త్వరగా, పిల్లలకు హాని లేకుండా బయటపడాలని కోరుకుంటున్నారనీ, వకీలు తప్పుకునే షరతు తమకు ఏం తెచ్చిపెడుతుందో వారిలో అందరికీ స్పష్టంగా తెలియదనీ ఆమె గమనించారు. డబ్బున్న భర్త కావాలనే చర్చలు చెడగొట్టి, రెండో వకీలును పెట్టుకునే స్తోమత లేని భార్యను ఒంటరిని చేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీని, కొట్టిన మనిషి ఎదుట కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడమనడం మాన్పడం కాదు, గాయాన్ని మళ్లీ రేపడం.

ఈ విమర్శలను ఉద్యమం తోసిపుచ్చలేదు. వాటికీ నియమాలతోనే జవాబు చెప్పింది. 2009లో రూపొందించి మరుసటి ఏడాది సవరించిన నమూనా చట్టం, బలవంతమో హింసో ఉన్న దాంపత్యమా అన్నది వకీలు ముందుగానే విచారించి తీరాలనీ, ఉందని తేలితే బాధితులు కోరుకుని, వారి భద్రతకు భరోసా ఉంటే తప్ప ఈ పద్ధతి మొదలుపెట్టకూడదనీ విధించింది. ఉచిత న్యాయ సహాయం పొందే పేదవారి విషయంలో, వకీలు తప్పుకున్నా అదే సంస్థలోని వేరొకరు కేసు కొనసాగించే మినహాయింపును కూడా చేర్చింది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన టెక్సాస్, న్యూజెర్సీ రాష్ట్రాలు రెండింటిలోనూ ఇలాంటి చట్టాలు అమలులో ఉన్నాయి. అక్కడ విడిపోదలచిన తెలుగు దంపతులకు ఈ దారి తెరిచే ఉంది.

డబ్బు పెట్టి వకీలును నియమించుకోగలిగిన కుటుంబాలకు సంబంధించిన కథ ఇది. నేరారోపణతో బోనెక్కిన పేదవాడి సంగతి వేరు. 1963లో గిడియన్ కేసు తీర్పుతో, తీవ్రమైన నేరాలు మోపబడిన నిరుపేదలకు ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాల్సిన బాధ్యత అమెరికా రాష్ట్రాలపై పడింది. కానీ ఆ వకీలు చూసేది ఆరోపణను మాత్రమే. గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరంగా ఉన్న రోజులలో, న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఆ ఆరోపణపై అరెస్టయిన మనిషి, చిన్న నేరం ఒప్పుకుని ఆ రోజే ఇంటికి పోవచ్చునని వకీలు చెప్తే తల ఊపేవాడు. ఆ ఒప్పుకోలు వల్ల ప్రభుత్వ గృహం నుంచి కుటుంబం ఖాళీ చేయాల్సి రావచ్చుననీ, ట్యాక్సీ లైసెన్సు పోవచ్చుననీ, విదేశీయుడైతే దేశం నుంచే పంపేయవచ్చుననీ, బిడ్డను శిశు సంక్షేమ శాఖ తీసుకుపోవచ్చుననీ అతనికి ఎవరూ చెప్పేవారు కాదు. శిక్ష తేలికైనదే, తరువాత వచ్చిపడేవి తేలికైనవి కావు.

1997లో రాబిన్ స్టైన్‌బర్గ్, మరికొందరు వకీళ్లు కలిసి స్థాపించిన బ్రాంక్స్ డిఫెండర్స్ అనే సంస్థ ఈ ముక్కలను ఒకచోట కలిపింది. అరెస్టయిన మనిషికి క్రిమినల్ వకీలుతో పాటు, ఇల్లు పోకుండా చూసే సివిల్ వకీలు, కుటుంబ కోర్టు వకీలు, వలస చట్టాలు తెలిసిన వకీలు, సామాజిక కార్యకర్త ఒకే కార్యాలయంలో ఒకే జట్టుగా పనిచేస్తారు. మొదటి ముఖాముఖిలోనే ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, పౌరసత్వం గురించిన ప్రశ్నలు అడగడం అక్కడి పద్ధతి. ఇందులోనూ దయాగుణం ఉంది, కానీ దాన్ని పని విభజనగా, కార్యాలయపు అమరికగా మార్చారు. ఏ ఒక్క వకీలు మరిచిపోయినా జట్టు మరిచిపోదు. 2010లో పడీలా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశబహిష్కారం తప్పదన్న సంగతి కక్షిదారుకు చెప్పడం వకీలు రాజ్యాంగబద్ధమైన బాధ్యత అని తీర్పు ఇవ్వడంతో ఈ దృష్టిలో ఒక భాగానికి న్యాయబలం చేకూరింది.

ఈ పద్ధతి ఫలితం కొలవడానికి అరుదైన అవకాశం దొరికింది. బ్రాంక్స్‌లో ఆ సంస్థ, పాతదైన లీగల్ ఎయిడ్ సొసైటీ వంతుల ప్రకారం కేసులు తీసుకుంటాయి; ఏ కేసు ఎవరికి పోతుందన్నది కేసు స్వభావాన్ని బట్టి నిర్ణయం కాదు. పదేళ్ల కాలానికి చెందిన అయిదు లక్షలకు మించిన కేసులను ర్యాండ్ సంస్థ, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పోల్చి చూసి, 2019లో హార్వర్డ్ లా రివ్యూలో ప్రచురించారు. దోషిగా తేలే అవకాశంలో రెండింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. జైలుశిక్ష పడే అవకాశం మాత్రం జట్టు పద్ధతిలో 16 శాతం, శిక్షాకాలం 24 శాతం తగ్గాయి. జైలు బయట ఉన్నవారివల్ల ప్రజాభద్రతకు హాని పెరిగినట్టు కనబడలేదు. న్యాయమూర్తి ముందుకు మనిషి పూర్తి జీవితంతో వచ్చినప్పుడు శిక్ష తగ్గుతుందన్నమాట. ఈ చరిత్రలో అంకెలతో రుజువైన అధ్యాయం ఇదే.

భారతదేశం ఇదే కాలంలో వేరే దారి తొక్కింది. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం, 9వ సెక్షన్‌లో రాజీకి ప్రయత్నించడం కోర్టు విధిగా పేర్కొని, 13వ సెక్షన్‌లో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదని చెప్పింది. తగాదాను మాన్పాలంటే వకీలును గుమ్మం బయట ఉంచాలన్న అపనమ్మకం ఆ సెక్షన్‌లో కనిపిస్తుంది. ఆచరణలో చాలా కోర్టులు వకీళ్లను అనుమతిస్తూనే ఉన్నాయి, వారు పాత పద్ధతిలోనే వాదిస్తున్నారు. వారి పనితీరును మార్చే ప్రయత్నం చట్టం చేయలేదు. 1982లో గుజరాత్‌లోని ఊనాలో మొదలై, 1987 చట్టంతో శాసనబలం పొందిన లోక్ అదాలత్‌లది కూడా ఇదే కథ. అక్కడ రాజీ కుదిరితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది, అవార్డు డిక్రీతో సమానమవుతుంది, దానిపై అప్పీలు ఉండదు. రోడ్డు ప్రమాద బాధితులకు, చెక్కు బౌన్సు కేసుల వారికి అది నిజమైన మేలు. అయితే పెండింగ్ కేసుల సంఖ్య తగ్గించడానికీ, మనుషుల మధ్య గాయం మాన్పడానికీ తేడా ఉంది. ఒక్కరోజులో వందల ఫైళ్లు ముగిసే చోట రెండోదానికి తీరిక ఉండదు. లోక్ అదాలత్ తీర్పులు చెప్పే కోర్టు కాదనీ, ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే దాని అవార్డు చెల్లుతుందనీ 2008లో సుప్రీంకోర్టు గుర్తుచేయాల్సి రావడమే ఆ తొందరకు సాక్ష్యం.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై వెళ్లిన ఒక విడాకుల అప్పీలులో 2013లో సుప్రీంకోర్టు, దాంపత్య వివాదాలను తొలిదశలోనే మధ్యవర్తిత్వానికి పంపాలనీ, కోర్టుకెక్కక ముందే సలహా పొందే ఏర్పాట్లు ఉండాలనీ చెప్పింది. ఆ దంపతులు 1999లో పెళ్లయిన కొద్దికాలానికే విడిపోయి, పద్నాలుగేళ్లు వ్యాజ్యాలలో గడిపారు. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టం చేసింది. మధ్యవర్తి శిక్షణ, గోప్యత, ఒప్పందం అమలు గురించి అందులో వివరంగా ఉంది. ఆ బల్ల దగ్గర కూర్చునే వకీలు, చర్చలు చెడితే అదే కేసులో నల్లకోటు వేసుకుని వాదించవచ్చా అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. గ్రామాలలో పెద్దమనుషుల రచ్చబండలు ఈ లోటు తీర్చేవని కొందరు అంటారు గాని, ఆ రచ్చబండల దగ్గర స్త్రీలకూ, దళితులకూ దక్కిన న్యాయం ఎలాంటిదో తెలిసినవారు వాటిని ఆదర్శంగా చూపలేరు. బలహీనుడి పక్కన అతని తరఫున మాట్లాడే శిక్షణ పొందిన మనిషి ఉండి తీరాలి; వకీలును తప్పించి కుదిర్చిన రాజీ చాలాసార్లు బలవంతుడి ఇష్టంగా ముగుస్తుంది. కావలసింది వకీలు ఉండడమే, అయితే అతడు వేరే షరతుల మీద ఉండడం.

సహకార న్యాయవాదాన్ని గుర్తించే చట్టం భారతదేశంలో ఇంకా లేదు. 1990లో మిన్నెసోటాలోనూ లేదు. నలుగురు మనుషులు రాసుకున్న ఒప్పందమే అక్కడ మొదటి ఆధారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బార్ కౌన్సిళ్లు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు కలిసి అలాంటి ఒప్పంద పత్రం నమూనాను కక్షిదారుకు అర్థమయ్యే తెలుగులో తయారుచేయాలి. గృహహింస ఉందేమో ముందుగా విచారించే నిబంధనను, రెండో వకీలును పెట్టుకోలేనివారికి ఉచిత సహాయాన్ని అందులో తప్పనిసరి చేయాలి. ఒకటి రెండు జిల్లాల కుటుంబ న్యాయస్థానాలలో, ఇష్టపడి ముందుకు వచ్చే వకీళ్లతో దీన్ని ప్రారంభించాలి.